నా మొదటి 200 కిలోమీటర్ల బ్రెవే: ఆగిన నిమిషాల లెక్క

నవంబరు 16, ఆదివారం. ఉదయం 6 గంటలకు బయలుదేరి సాయంత్రం 6:41కి చివరి కంట్రోల్లో నా కార్డు ఇచ్చాను. బ్రెవే అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం, దారిలో కార్డు మీద సంతకం చేయించుకునే చోట్లే కంట్రోళ్లు. 202 కిలోమీటర్లు, 12 గంటల 41 నిమిషాలు. గడువు పదమూడున్నర గంటలు. అంటే చేతిలో మిగిలింది 49 నిమిషాలు. ఆ రోజు నేను సైకిల్ దిగి నిలబడిన సమయం మాత్రం రెండుంపావు గంటలు. బయలుదేరే ముందు ఈ లెక్క ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని తిరుగు దారంతా అనుకుంటూనే ఉన్నాను. మొదటి బ్రెవేకి సిద్ధమవుతున్నవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు 44 ఏళ్లు. రెండేళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. మామూలు రోజుల్లో తెల్లవారగానే ఊళ్లో ఓ గంట, ఆదివారాలు ఊరి బయట పొలాల మధ్య రోడ్ల మీద మూడు నాలుగు గంటలు. అప్పటిదాకా ఒక్క రోజులో తొక్కిన అతి పెద్ద దూరం 65 కిలోమీటర్లు. రేసుల మీద నాకు ఎప్పుడూ ఆసక్తి లేదు. బ్రెవేలో ర్యాంకులు ఉండవని, ముందు వచ్చినవాళ్లకీ చివర వచ్చినవాళ్లకీ ఒకే గుర్తింపని తెలిశాకే మనసు అటు పోయింది.

సెప్టెంబరు 7న పేరు ఇచ్చాను. ఆ రాత్రే నిబంధనలన్నీ చదివాను. ఈ బ్రెవేలకు గుర్తింపు ఇచ్చేది ఫ్రాన్స్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్. ఎక్కడ తొక్కినా గడువులు ఒకటే: 200కి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. మొదట చూసినప్పుడు 200కి అంత టైం ఎందుకు అనిపించింది. గంటకు 20 చొప్పున తొక్కితే పది గంటల్లో అయిపోతుంది కదా, మూడున్నర గంటలు ఊరికే మిగులుతాయి అనుకున్నాను. ఆ మూడున్నర గంటలు ఎలా కరిగిపోతాయో చెప్పడానికే ఇదంతా.

ఇంకో సంగతి అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు. గడువు చివర ఒక్కచోటే ఉండదు. దారిలో ప్రతి కంట్రోల్‌కీ తెరిచే టైం, మూసే టైం ఉంటాయి. మా దారిలో కంట్రోళ్లు 50, 105, 150 కిలోమీటర్ల దగ్గర. మొదటిది 9:30కి, రెండోది మధ్యాహ్నం 1 గంటకి, మూడోది 4 గంటలకి మూసేస్తారు. చెప్పకుండా మధ్యలో పెట్టే సీక్రెట్ కంట్రోల్ కూడా ఉండొచ్చన్నారు, మాకు రాలేదు. మన వెనక కారులో ఎవరూ రాకూడదు. సాయం చేసేవాళ్లు కంట్రోల్ దగ్గర మాత్రమే కలవాలి. దారిలో సైకిల్ చెడిపోతే మన చేతులే దిక్కు, లేదంటే తోటివాళ్ల మంచితనం.

పది వారాలు సిద్ధమయ్యాను. ఆదివారాల దూరాలు ఇలా పెరిగాయి: సెప్టెంబరు 14న 42, 21న 60, 28న 78. అక్టోబరు 5న మొదటి వంద. 12న కావాలనే తగ్గించాను. 19న 120, 26న 150. తర్వాత మళ్లీ తగ్గిస్తూ నవంబరు 2న 90, 9న 40. మంగళ, గురువారాల్లో ఊళ్లో పాతికేసి కిలోమీటర్లు.

78 కిలోమీటర్ల రోజు నాకు బాగా గుర్తు. ఇంటికొచ్చి కూర్చోలేకపోయాను. రాపిడికి చర్మం ఎర్రగా కందిపోయింది, స్నానం చేస్తుంటే మంట. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల మామూలు లోదుస్తులు వేసుకోకూడదని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. లోపలి కుట్లే రాసుకుని పుళ్లు చేస్తాయట. అడగడానికి సిగ్గుపడి రెండేళ్లు అలాగే తొక్కాను. ఆడవాళ్లు ఈ విషయం ఒకళ్లకొకళ్లు తప్పకుండా చెప్పుకోవాలి. సీటు మెత్తగా ఉంటే సుఖంగా ఉంటుందని పైన వేసుకున్న దళసరి జెల్ కవర్ కూడా తీసేశాను. గంట దాటాక ఎముకలు అందులో దిగబడిపోతాయి, బరువంతా మెత్తటి చోట్ల పడుతుంది. కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపోయే కాస్త గట్టి సీటుకి మారాను. మొదటి మూడు రైడ్లు ఇబ్బంది పెట్టింది, తర్వాత సీటు ఉన్నట్టే తెలియలేదు.

వంద తొక్కిన రోజు మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. మెట్లు దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. పేరు వెనక్కి తీసుకుందామా అని రెండు రోజులు మథనపడ్డాను. ఎప్పటినుంచో తొక్కుతున్న ఒకాయన నా సైకిల్ చూసి, సీటు బాగా కిందికి ఉందన్నారు. మోకాలి ముందు వైపు నొప్పి అయితే సాధారణంగా సీటు కిందికి ఉన్నట్టు, వెనక వైపు అయితే పైకి ఉన్నట్టు. మడమ పెడల్ మీద పెట్టి పెడల్ అట్టడుగుకు తెస్తే కాలు నిటారుగా రావాలి. నాది వంగే ఉంది. ఒకేసారి కాకుండా రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున వారం రోజుల్లో మొత్తం 8 మిల్లీమీటర్లు పెంచాను. 19వ తేదీ 120 తొక్కినప్పుడు నొప్పి లేదు. ఎనిమిది మిల్లీమీటర్లంటే చిటికెన వేలి వెడల్పు కూడా ఉండదు! దానికోసం ఇంత పెద్ద కోరిక వదిలేసుకునేదాన్ని.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. ఎంట్రీ ఫీజు అన్నిటికంటే తక్కువ. నా డబ్బు ఎక్కువగా పోయింది లైట్లకి, తర్వాత షార్ట్స్‌కి, ఆ తర్వాత సీటుకి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు సైకిల్‌కి బిగించి ఉండాలి. చీకట్లో రిఫ్లెక్టివ్ జాకెట్ తప్పనిసరి. రెండు కొత్త ట్యూబులు, ప్యాచ్ కిట్, టైర్ లీవర్లు, చిన్న పంపు, చైన్ తెగితే కలపడానికి క్విక్ లింక్ కొన్నాను. పంపు కొనేటప్పుడు మన ట్యూబు వాల్వ్ ఏ రకమో చూసుకోవాలి. నాది సన్నటి ప్రెస్టా వాల్వ్. కొనగానే ఇంట్లో ఒకసారి చక్రం విప్పి, ట్యూబు తీసి, మళ్లీ వేసి గాలి కొట్టి చూశాను. మొదటిసారి 50 నిమిషాలు పట్టింది, నాలుగోసారికి 14 నిమిషాలు. ఆ నాలుగు సాయంత్రాలే నన్ను కాపాడాయి.

ముందు రోజు రాత్రి నిద్ర పట్టలేదు. 9:30కి పడుకున్నాను. ఒంటిగంటకి, రెండుంబావుకి మెలకువ వచ్చి టైం చూసుకున్నాను. 3:45కి లేచేశాను. "అమ్మా, నువ్వు వెనక్కి వచ్చేసినా నాకేం పర్లేదు, ఫోన్ మాత్రం చెయ్" అంది మా అమ్మాయి నిద్రమత్తులోనే. ఆ మాటతో గుండె కాస్త తేలికైంది.

5:15కి సైకిల్ చెక్. లైట్లు వెలిగించి చూపించమన్నారు, బ్రేకులు నొక్కి చూశారు, జాకెట్ చూశారు. చేతిలో మడతపెట్టిన చిన్న కార్డు పెట్టారు. నా పేరు, కంట్రోళ్ల టైములు, సంతకాల గళ్లు. "అక్కా, సైకిల్ పోయినా పర్లేదు గానీ ఇది పోగొట్టుకోకండి" అన్నాడు ఆ కుర్రాడు. జీపీఎస్‌లో ఎంత రికార్డయినా ఆ కార్డే రుజువు. చెమటకి తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి వీపు జేబులో దాచుకున్నాను. రోజంతా ఎన్నిసార్లు తడిమి చూసుకున్నానో.

మొదటి 14 కిలోమీటర్లు ఊళ్లోనే. చీకటి, ఖాళీ రోడ్లు, ముందు వరసగా ఎర్ర లైట్లు. రోజూ తిరిగే ఊరు ఆ వెలుతురులో కొత్తగా కనిపించింది. ఊళ్లో తొక్కడం రెండేళ్ల అలవాటు కాబట్టి భయం లేదు. ఆగి ఉన్న కార్లకి ఒక మీటరు దూరం ఉంచి వెళ్లడం, సిగ్నల్ రాకముందే తేలిక గేరుకి మార్చుకోవడం, తడిగా ఉన్న తెల్ల గీతల మీదా మ్యాన్‌హోల్ మూతల మీదా హ్యాండిల్ తిప్పకపోవడం చేతులకే వచ్చేశాయి. పక్కన ఒకబ్బాయి సిగ్నల్ దగ్గర పెద్ద గేరులోనే ఆగిపోయి, పచ్చ లైటు పడ్డాక కదల్లేక ఒరిగిపోబోయాడు. పెడల్ తిరుగుతుంటేనే గేరు మారుతుంది, ఆగాక మారదు.

ఊరు దాటాక తెల్లవారింది. పొలాల మీద సన్నటి మంచు. రోడ్డు నున్నగా ఉంది, చక్రం శబ్దం తప్ప ఇంకేం లేదు. ఏ కష్టమూ లేకుండా 25, 26 వేగం వస్తోంది. పది వారాల కష్టానికి ఫలితం ఇదేననుకుని పొంగిపోయాను. నిజానికి గాలి వెనక నుంచి తోస్తోంది. వెనక గాలి ఉన్నప్పుడు చెవులకి ఏమీ వినిపించదు, అందుకే తెలియదు. తిరుగు దారిలో ఇదే గాలి ముఖానికి కొడుతుందన్న ఆలోచన అప్పుడు రాలేదు.

8:20కి మొదటి కంట్రోల్. గడువుకి 70 నిమిషాల ముందు. సంతకం చేయించుకుని, నీళ్లు నింపుకుని, రెండు అరటిపళ్లు తిని, నలుగురితో ఫోటోలు దిగి, అమ్మాయికి ఫోన్ చేసి, చేతి తొడుగులు ఎక్కడ పెట్టానో వెతుక్కుని బయలుదేరేసరికి 8:42. మొత్తం 22 నిమిషాలు. ఆ 22 నిమిషాల్లో నిజంగా అవసరమైన పని ఆరు నిమిషాలది. అప్పుడది తప్పుగా అనిపించలేదు. గంటకి పైగా చేతిలో ఉందన్న ధైర్యం.

71వ కిలోమీటరు, 9:40. వెనక చక్రం మెత్తబడింది. సీటు కింద రోడ్డు గడగడలాడుతుంటే ఏమైందో తెలిసిపోయింది. పక్కకి తీసి, చక్రం విప్పి, ట్యూబు మార్చాను. నాలుగుసార్లు చేసిన పనే, కానీ చేతులు వణికాయి. సైకిళ్లు ఒక్కొక్కటీ నన్ను దాటి వెళ్తున్నాయి. అందరూ "సాయం కావాలా?" అని అడిగారు. "వద్దు, వెళ్లండి" అన్నాను. తొందరలో టైరు లోపల వేళ్లతో ఒక్కసారి తడిమి, ఏమీ తగలకపోతే వేసేశాను. 10:05కి కదిలాను. 76వ కిలోమీటరు దగ్గర, 10:20కి, అదే చక్రం మళ్లీ.

అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. రోడ్డు పక్క గట్టు మీద కూర్చుండిపోయాను. మిగిలింది ఒక్క ట్యూబు. ఇది కూడా పోతే ఇంటికి ఎలా వెళ్లాలో తెలియదు.

అరవై దాటిన ఒకాయన వచ్చి ఆగారు. పాత స్టీల్ ఫ్రేమ్ సైకిల్, వెనక గుడ్డ సంచి. ఇంతకుముందు చాలా బ్రెవేలు చేశారట. "రెండోసారా అమ్మా? అయితే ముల్లు టైర్లోనే ఉంది" అన్నారు. ట్యూబులో గాలి కొట్టి, చెంప దగ్గర పెట్టుకుని చిల్లు ఎక్కడుందో పట్టుకున్నారు. వాల్వ్ నుంచి ఆ చిల్లు ఎంత దూరమో ట్యూబుని టైరు పక్కన పరిచి కొలిచారు. సరిగ్గా అక్కడ టైరుని లోపలి నుంచి వంచి, ఎండకి ఎదురుగా పెట్టి చూపించారు. వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగ. లారీ టైర్లు పేలిపోయి రోడ్డు పక్కన పడి ఉంటాయి కదా, వాటిలోంచి వస్తాయివి. నేను వేలితో తడిమినప్పుడు తీగ రబ్బరులోకి ఒదిగిపోయింది, బరువు పడగానే మళ్లీ పొడుచుకొచ్చింది. గోళ్లతో రాలేదు. ఆయన సంచిలోంచి పట్టకారు తీసి లాగారు. ముళ్లూ తీగలూ వెతకడానికి వేలి కంటే చిన్న గుడ్డ పీలిక మంచిదట, దారం ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఆపాలి. టైరు మీది అక్షరాలు వాల్వ్ దగ్గరకి వచ్చేట్టు ముందే బిగించుకుంటే చిల్లుని బట్టి చోటు కనుక్కోవడం తేలిక అని కూడా చెప్పారు. ఇప్పుడు నా రెండు టైర్లూ అలాగే ఉన్నాయి.

కొత్త ట్యూబు వేశాక "ఆ చిల్లుపడ్డది కూడా ఇక్కడే అతికించుకో. మళ్లీ ఎప్పుడు అవసరమో" అన్నారు. అరగంట పట్టింది. 10:50. రెండు పంక్చర్లకి కలిపి 55 నిమిషాలు పోయాయి.

"మీకు ఆలస్యం చేశాను సార్" అన్నాను.

"నాకు ఆలస్యం ఏంటమ్మా, నేను ఎక్కడా కూర్చోను కదా" అన్నారు.

అప్పుడు గమనించాను. ఆయన నిజంగానే ఎక్కడా ఆగరు. నాకంటే నెమ్మదిగా, 20కి మించకుండా తొక్కుతారు. తినేది సైకిల్ మీదే, తాగేది సైకిల్ మీదే. మొదటి కంట్రోల్లో నాలుగు నిమిషాలు ఉన్నారట. ఉదయం నన్ను దాటి వేగంగా పోయిన కుర్రాళ్లు రెండో కంట్రోల్ దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటే, ఆయన సంతకం చేయించుకుని వెళ్లిపోవడం కళ్లారా చూశాను. నేను అక్కడికి 12:14కి చేరాను. మూసేది 1 గంటకి. 70 నిమిషాల నిలవ 46కి పడిపోయింది. ఈసారి 12 నిమిషాల్లో బయటపడ్డాను.

అక్కడి నుంచి దారి వెనక్కి తిరిగింది. గాలి ఎదురైంది.

ఎదురుగాలి గురించి ఎంత చదివినా ఒంటికి తగిలితే గానీ తెలియదు. ఎండ పెద్దగా లేదు, మిట్టలు కూడా చిన్నవే, కానీ ఎంత తొక్కినా 16 దాటడం లేదు. బల్లపరుపు రోడ్డు మీద కొండెక్కుతున్నట్టుంది. చెవుల్లో హోరు. గాలి మీద పట్టుదల పెంచుకుని గట్టిగా తొక్కాను. అది పెద్ద పొరపాటు. వేగం కొంచెం పెరగాలంటే దానికి ఎన్నో రెట్లు బలం పెట్టాలి. అలా గంటంబావు కొట్టుకున్నాక, 128వ కిలోమీటరు దగ్గర ఉన్నట్టుండి కాళ్లలో ఏమీ లేదు. అలసట ఇలా ఉండదు, నాకు అలసట తెలుసు. నూనె అయిపోయిన దీపంలా కొండెక్కిపోవడమే. చల్లటి చెమట, కళ్ల ముందు మసక, కారణం లేని కోపం. రోడ్డు మీద కోపం, సైకిల్ మీద కోపం, పేరు ఇచ్చిన నా మీద కోపం.

దిగి చెట్టు కింద కూర్చున్నాను. చివరిసారి కాస్త సరిగ్గా తిన్నది 50వ కిలోమీటరు దగ్గర. పంక్చర్ల కంగారులో అరగంటకోసారి కొంచెం తినాలన్న నియమం గాలికి పోయింది. గడువు భయంతో రెండో కంట్రోల్లో కూడా సగం అరటిపండే తిన్నాను. ఒంట్లో దాచి ఉన్న గ్లైకోజన్, అంటే తిన్న పిండి, చక్కెరల నిలవ, అయిపోతే మనసు ఎంత గట్టిదైనా కాలు కదలదు. జేబులో ఉన్న ఖర్జూరాలు ఆరు, ఒకదాని తర్వాత ఒకటి నమిలాను. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగాను. పది నిమిషాలు కూర్చుని లేచాను, కానీ ఒంట్లోకి శక్తి వచ్చింది మాత్రం ఇంకో పావుగంట తర్వాతే. ఆ పావుగంట అతి తేలిక గేరులో, నడక కంటే కొంచెం వేగంగా పోయాను. నా జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

కాసేపటికి ముందు ఆ గుడ్డ సంచి కనిపించింది. నెమ్మదిగా దగ్గరయ్యాను. నా ముఖం చూసి ఆయన ఏమీ అడగలేదు. "నా వెనక్కి రా అమ్మా. చక్రానికి మీటరు దూరం ఉంచు. నేను చెయ్యి కిందికి చూపిస్తే గుంత ఉన్నట్టు" అన్నారు. వెనక చేరగానే గాలి సగం తగ్గినట్టయింది. తోటి సైక్లిస్టుల వెనక ఇలా వెళ్లడానికి బ్రెవేలో అభ్యంతరం లేదు, మోటారు బండి వెనక వెళ్లకూడదు. కొంత దూరం తర్వాత ఆయన అన్న మాట: "గాలిలో స్పీడు చూడకు. కాలు తిరుగుతోందా లేదా, అంతే చూడు." జీపీఎస్ తెర ఆపేశాను. ఎలాగూ బ్యాటరీ తక్కువగా ఉంది, పవర్ బ్యాంక్ తెచ్చాను గానీ దాని కేబుల్ ఇంట్లోనే మర్చిపోయాను. మలుపులు వచ్చినప్పుడే వెలిగించి చూశాను. బలం వచ్చాక పది నిమిషాలు నేను ముందుండి ఆయనకి గాలి కాశాను. ఆయన వద్దనలేదు. అది నాకు చాలా సంతోషాన్నిచ్చింది.

3:16కి 150. మూసేది 4కి. 44 నిమిషాలు ఉన్నాయి. ఇక్కడ తొమ్మిది నిమిషాలే ఆగాను. సంతకం, నీళ్లు, జేబుల నిండా తినేవి, అంతే. ఎవరితోనూ ఫోటో దిగలేదు. పక్కన ఇద్దరు మానేస్తున్నామని చెప్పి కార్డులు ఇచ్చేశారు. ఒకమ్మాయి మోకాలికి గుడ్డ కట్టుకుని ఏడుస్తోంది. పక్కన కూర్చుని ఏదైనా చెప్పాలనిపించింది, చెప్పకుండానే వచ్చేశాను. అదొక్కటి ఇప్పటికీ బాధపెడుతోంది.

చివరి 52 కిలోమీటర్లలో గాలి తగ్గింది, చేతులు మొదలయ్యాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు రెండు చేతులకీ మొద్దుబారిపోయాయి. హ్యాండిల్ మీద బరువంతా అరచేతి అంచున మోపడం వల్ల అక్కడి నరం నలుగుతుంది. ఐదు నిమిషాలకోసారి పట్టు మార్చుతూ, చేతులు విదిలిస్తూ వచ్చాను. కానీ ఇది మొదటి గంట నుంచే చేయాల్సిన పని. గేరు నొక్కడానికి కూడా వేళ్లు మాట వినలేదు.

చీకటి పడ్డాక ఊరి పొలిమేర. ఉదయం ఖాళీగా ఉన్న రోడ్ల మీద ఇప్పుడు ఆదివారం సాయంత్రపు రద్దీ. చివరి 14 కిలోమీటర్లకే గంటకి పైగా పట్టింది. ప్రతి సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టాలి, మళ్లీ ఎత్తాలి. ఆ ఎత్తడానికి తొడలు ఒప్పుకోవు. మీరు లెక్క వేసుకునేటప్పుడు ఊళ్లోకి తిరిగొచ్చే దూరానికి గంటకి 13 కంటే ఎక్కువ వేసుకోకండి.

6:41. బల్ల మీద కార్డు పెట్టాను. పొద్దున సైకిల్ చెక్ చేసిన కుర్రాడే. టైం రాసి, సంతకం చేయించుకుని, "అయిపోయింది అక్కా" అన్నాడు. ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. కార్డు వాళ్లే ఉంచుకుంటారు, ఫలితాలు ఖరారయ్యాక తిరిగి ఇస్తారు. పొద్దున్నుంచి వీపు మీద కాపాడుకున్నది చేతిలోంచి వెళ్లిపోతే ఏదో వెలితి. గుడ్డ సంచి పెద్దాయన నాకంటే నాలుగు నిమిషాల ముందే వచ్చి, సైకిల్ పక్కన నిలబడి నీళ్లు తాగుతున్నారు. దగ్గరికెళ్లి నమస్కారం పెట్టాను. "తీగ దాచుకున్నావా?" అని అడిగారు. దాచుకున్నాను, ప్యాచ్ కిట్ డబ్బాలో ఉంది.

ఇంటికొచ్చి జీపీఎస్ లెక్క చూశాను. కదులుతూ ఉన్న టైం 10 గంటల 26 నిమిషాలు, సగటు 19 పైచిలుకు. సెప్టెంబరులో నేను వేసుకున్న లెక్క తప్పలేదన్నమాట, తొక్కడం వరకు. మిగతా రెండుంపావు గంటల్లో పంక్చర్లు 55 నిమిషాలు, మొదటి కంట్రోల్ 22, మిగతా రెండు కంట్రోళ్లు కలిపి 21, చెట్టు కింద పది. సిగ్నళ్లూ, జాకెట్ విప్పడాలూ, దారి చూసుకోవడాలూ ఇంకో 27. ఒక్కొక్కటీ చిన్నదే.

తర్వాతి మూడు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగాను. ఆకలి మాత్రం నాలుగు రోజులు తగ్గలేదు. వేళ్ల మొద్దు తొమ్మిదో రోజుకి పోయింది. చొక్కా బొత్తాలు పెట్టుకోలేక రెండు రోజులు భయపడ్డాను, ఇలా అవుతుందని ముందే తెలిసి ఉంటే అంత టెన్షన్ ఉండేది కాదు. మొద్దు తగ్గకుండా పెరుగుతుంటే మాత్రం డాక్టరుకి చూపించుకోవాలి. మరుసటి బుధవారం మెల్లగా అరగంట తొక్కాను, అది నొప్పులకి మందులా పనిచేసింది.

డిసెంబరు 6న, ఇరవై రోజుల తర్వాత, ఫలితాల పట్టికలో నా పేరు వచ్చింది. పక్కన 12:41, దాని పక్కన ఒక నంబరు. మా అమ్మాయి దాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చూసింది.

300కి పేరు ఇచ్చాను. గడువు 20 గంటలు, అంటే రాత్రి చాలాసేపు రోడ్డు మీదే. చీకట్లో తొక్కడం నాకు ఇంకా సరిగ్గా రాదు. ఈ వారం నుంచి తెల్లవారుజామున 4 గంటలకి లైటు పెట్టుకుని బయలుదేరుతున్నాను. ఖర్జూరాలు ఇప్పుడు హ్యాండిల్ మీద చిన్న సంచిలో, ఒక చేత్తో అందేట్టు పెట్టుకుంటున్నాను. నిన్న 60 కిలోమీటర్లు తొక్కాను. ఒక్కసారే ఆగాను, నీళ్ల కోసం, మూడు నిమిషాలు.